సాగని పది మీటర్లు

స్లాబు అంచున, నేలకి పదహారడుగుల ఎత్తున, చెక్క పలక మీద గొంతుక్కూర్చుని ఒక మనిషి చిన్న గుంటలోంచి చెత్త తీస్తున్నాడు. చెయ్యి మాత్రమే పట్టే గుంట. ముందు నలిగిన టీ కప్పు వచ్చింది. తర్వాత సిగరెట్టు పీకలు నాలుగు, తడిసి ముద్దయిన కాగితం ఒకటి. చివర్న వేలికి ఏదో జిగటగా తగిలింది. వేలు బయటికి తీసి చూసుకున్నాడు. ఎవరో అందులో ఉమ్మేశారు.

"ఛీ" అన్నాడు. రోజు మొత్తంలో అతను ఎక్కువగా వాడే మాట అదే.

అతనికి యాభై రెండేళ్లు. సైట్లో అందరూ మిల్లీమీటరు అంటారు. ఎదురుగా ఉంటే మిల్లీమీటరుగారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉంటుంది. దాని అంచు రాపిడికి ప్రతి చొక్కా జేబూ ఒకే మూల చిరుగుతుంది. తలుపుకీ గడపకీ మధ్య సందు, గ్లాసులో టీ మట్టం, కొత్త చెప్పు మడమ ఎత్తు, ఏదైనా కంటికి తేడాగా కనిపిస్తే స్కేలు బయటికి వస్తుంది. భార్య దర్జీ పని చేస్తుంది. "నేను కొలత తీసుకుంటే ఒక అంగుళం వదులు ఉంచుతాను. ఈయన మనుషులకి కూడా వదులు ఉంచరు" అంటుంది వచ్చినవాళ్లతో.

అతను చేసే పని చాలామందికి తెలియదు. స్లాబు పోసేముందు కాంక్రీటులో పలచటి రేకు గొట్టాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుస్తారు. ఒక్కో గొట్టంలో నాలుగేసి ఉక్కు కేబుళ్లు, ఒక్కో కేబులూ ఏడు తీగలు పేనినది. కాంక్రీటు పోసి అది కాస్త గట్టిపడ్డాక, కేబుళ్లని ఒక చివర నుంచి జాకీతో లాగి, ఆ బిగువు సడలకుండా స్లాబు అంచునున్న యాంకరు గుంటలో ఉక్కు చీలలు బిగిస్తారు. ఆ లాగేవాడు మిల్లీమీటరు.

లాగడం ఎందుకంటే, కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు, పగులుతుంది. అందుకని ముందే రెండు పక్కల నుంచీ నొక్కి పెడతారు. వరసగా పేర్చిన పుస్తకాలని రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి పైకెత్తితే మధ్యలోవి జారవు. చేతులు వదులు చేస్తే అన్నీ నేల మీద ఉంటాయి. అంతే ఇందులో ఉన్న సంగతి. మామూలు స్లాబు అయితే పది మీటర్ల దూరానికి రెండడుగుల దూలం వేలాడాలి, ఇంకో స్తంభమైనా అడ్డం రావాలి. ఇది జానెడు మందంతో, దూలం లేకుండా దాటేస్తుంది. ఇనుము తక్కువ, బరువు తక్కువ, గది ఎత్తు కలిసొస్తుంది. పైగా స్లాబుకి ఆసరాగా కింద నిలబెట్టిన పోట్లు మూడు వారాలు ఉంచక్కర్లేదు, వారంలో తీసి పైఅంతస్తుకి ఎక్కించుకోవచ్చు. కట్టేవాళ్లకి అన్నిటికన్నా ముద్దొచ్చేది ఈ చివరి మాటే.

ముద్దు రానివి కూడా ఉన్నాయి. ఒకసారి లాగేశాక ఆ స్లాబుకి రంధ్రం పెట్టాలన్నా ఎక్కడ కేబులు ఉందో చూసుకోవాలి. ఇదివరకు ఒక భవనంలో వ్యాయామశాల యజమాని నీళ్ల గొట్టం కోసం నేలకి డ్రిల్లు పెట్టించాడు. కేబులు తెగి, దాని చివర గోడలోని సున్నాన్ని బద్దలు కొట్టుకుని వీధిలోకి మూరెడు బయటికి వచ్చింది. కింద నడుస్తున్నవాళ్లు పిడుగు పడిందనుకున్నారు. ఇంకొకటి, ఇందులో తప్పు చేస్తే కనపడదు. వంకర గోడ ఎదురుగా నిలబడి నేను వంకర అని చెబుతుంది. సాగని కేబులు కాంక్రీటు లోపల నోరు మూసుకుని కూర్చుంటుంది.

మిల్లీమీటరు తొమ్మిదో తరగతితో చదువు ఆపి, పందొమ్మిదో ఏట వంతెన దూలాలు పోతపోసే యార్డులో చేరాడు. అక్కడి పెద్ద మేస్త్రికి ఒక చెవి వినపడదు. జాకీ పక్కన ముప్పై ఏళ్లు నిలబడితే వచ్చేది అదే. కుర్రాళ్లు తన వినపడని చెవి వైపు చేరి తిట్టుకుంటారని ఆయనకి తెలుసు, పట్టించుకునేవాడు కాదు. మిల్లీమీటరుకి మొదటిరోజే ఒక మాట చెప్పాడు: "గేజీ చెప్పేది నువ్వెంత బలంగా లాగావో. స్కేలు చెప్పేది అది ఎంత వచ్చిందో. రెండూ ఒకే మాట చెబితే ఇంటికెళ్లి అన్నం తిను. లేదంటే తినకు."

చేరిన రెండో ఏడు ఒక యాంకరు గుంటలో ఎవరో ఇసక చేతులు కడిగారు. ఆ ఇసక చీలల మధ్య చేరింది. లాగిన కేబులు పట్టు జారి వెనక్కి దూసుకొచ్చి, అడ్డం పెట్టిన చెక్కని చీల్చి, నీళ్ల డ్రమ్ములోంచి అవతలికి పోయింది. పది నిమిషాల ముందు మిల్లీమీటరు ఆ డ్రమ్ములో మొహం కడుక్కున్నాడు. ఆనాటి నుంచి అతను జాకీ వెనకాల నిలబడడు. గుంటలో చెత్త చూస్తే అతని మొహం మారిపోయేది కూడా అందుకే. సైట్లో మాత్రం అందరూ దాన్ని చాదస్తం అనుకుంటారు, అనుకుని మళ్లీ అందులోనే ఉమ్ముతారు.

ఈ కథ జరిగిన భవనం ఒక బజారు. కింద విశాలమైన దుకాణాల హాలు, పది మీటర్లకో స్తంభం. పైన బట్టల గోదాము, అంటే బేళ్ల బరువు. ముప్పై మీటర్ల పొడవున కేబుళ్లు. స్లాబు కింద పోట్లు కట్టింది ఎవరో కాదు, మిల్లీమీటరు బావమరిది. సైట్లో పోట్ల మేస్త్రి అంటారు. ఏడొందల ఇనప పోట్లు, పదకొండు మంది మనుషులు, ఎప్పుడూ తొందరగా ఉండే నోరు. ఈ పనికి బావని తీసుకొచ్చింది కూడా తనే. ఆ సంగతి రోజుకి ఒక్కసారైనా గుర్తుచేస్తాడు.

కాంక్రీటు పోసిన అయిదోరోజు పొద్దున లాగడం మొదలుపెట్టారు. లాగేముందు గుంట బయటికి వేలాడే ప్రతి కేబులు తోక మీదా మిల్లీమీటరు ఎర్ర రంగుతో గీత కొడతాడు. లాగాక ఆ గీత ఎంత బయటికి వచ్చిందో స్కేలుతో చూస్తాడు. ముప్పై మీటర్ల కేబులు రెండు వందల మూడు మిల్లీమీటర్లు సాగాలని డిజైను. పది పన్నెండు అటూఇటూ అయితే ఒప్పుకుంటారు. మధ్యాహ్నం దాకా రెండు వందలు, నూట తొంభై ఎనిమిది, రెండు వందల అయిదు అంటూ బుద్ధిగా వచ్చాయి. ఆ తర్వాత మధ్య స్తంభాల వరసకి వచ్చాడు. ఆ వరస మీద అయిదు గొట్టాలు పక్కపక్కనే పోతాయి, ఆ పక్క బరువంతా మోసేవి అవే. మొదటి గొట్టంలో మొదటి కేబులు నూట ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. గేజీ మాత్రం నిండుగా చూపిస్తోంది.

రెండోది నూట ముప్పై ఆరు. మూడోది నూట నలభై. మూడు గొట్టాలు, పన్నెండు కేబుళ్లు, అన్నీ అక్కడక్కడే. మిగతా రెండు గొట్టాలు సరిగ్గా వచ్చాయి.

సైటు ఇంజనీరుకి ముప్పై ఏళ్లుంటాయి. తెల్ల హెల్మెట్టు, మరక లేని బూట్లు. కబురు పెడితే పైకి వచ్చి గేజీ వంక చూశాడు.

"వచ్చింది కదా ప్రెషరు. ఇంకేం కావాలి?"

"సాగుదల కావాలి సార్. నూట ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది."

"ఒక కేబులు అటూఇటూ అవుతుంది."

"పన్నెండు సార్. పన్నెండూ ఒక్కచోటే ఆగాయి. దారిలో వాటిని ఏదో పట్టుకుంది."

"ఎవరు పట్టుకుంటారండీ లోపల? దెయ్యమా?"

"సిమెంటు పాలు. గొట్టానికి ఎక్కడో కన్నం పడింది. పోసేటప్పుడు లోపలికి కారి గట్టిపడింది. జాకీ నుంచి అక్కడిదాకా కేబులు సాగింది. అక్కణ్ణించి ఆ చివరికి లాగుడు చేరలేదు. అది పడుకునే ఉంది."

ఇంజనీరు నవ్వాడు. "మీకు కాంక్రీటు లోపల కళ్లున్నాయా?"

"కళ్లు లేవు. లెక్కుంది. మూడింట రెండు వంతులు సాగింది కాబట్టి ఇరవై మీటర్ల దాకానే పని చేస్తోంది. చివరి పది మీటర్లూ ఉత్తదే."

ఇంజనీరు చంకలో ఉన్న రిజిస్టరు తెరిచి, సంతకం పెట్టమని ముందు పెట్టాడు. ప్రతి కేబులు సాగుదలా రాసే పుస్తకం అది. మిల్లీమీటరు ఆ పేజీ చూశాడు. తను ఇంకా నోరు తెరిచి చెప్పని పన్నెండు కొలతలు అప్పటికే అందులో ఉన్నాయి. రెండు వందల మూడు, రెండు వందల నాలుగు, రెండు వందల మూడు, రెండు వందల రెండు. ముచ్చటైన దస్తూరి. పొద్దున కుర్చీలో కూర్చుని తీరిగ్గా రాసినట్టుంది.

"నా స్కేలు కన్నా మీ పెన్ను బాగా కొలుస్తోంది సార్."

"ఎల్లుండి పోట్లు తీయాలి. తేదీ అయిపోతోంది."

"మీరే రాశారు కదా, మీరే పెట్టండి" అని మిల్లీమీటరు పుస్తకం మూసి ఆయన చంకలోకే తోశాడు. మెట్లు దిగి కొళాయి దగ్గరికి వెళ్లి చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. పెన్ను ముట్టుకోకపోయినా కడుక్కున్నాడు.

పోట్లు తీస్తారనుకున్న రోజుకి ముందు సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చాడు. చెప్పులు వాకిట్లో విసిరేసి, నీళ్లు కూడా అడగకుండా మొదలుపెట్టాడు. పక్కగదిలో అక్క కుట్టుమిషను నడుస్తోంది.

"బావా, ఒక్క సంతకం పెడితే నీ చెయ్యి అరిగిపోతుందా?"

"కూర్చో. ముందు నీళ్లు తాగు."

"నీళ్లొద్దు నాకు. అవతల సైట్లో నా పోట్ల కోసం గోడలు లేపి కూర్చున్నారు. రేపు మధ్యాహ్నానికి తెస్తానని మాటిచ్చాను. నిన్ను ఈ పనికి తెచ్చింది ఎవరు? నేను. నా నెత్తిమీదే చెయ్యి పెడతావా?"

"నీ నెత్తిమీద స్లాబు ఉందిరా. నా చెయ్యి కాదు."

"ఎక్కడికెళ్లినా ఇదే గోల. ఆ పాత సైట్లోనూ ఇంతే, గుంటలో ఇసక ఉందని సగం రోజు ఆపావు. అక్కడ నిన్ను ఏమంటారో తెలుసా? మిల్లీమీటరు కాదు, మైలురాయి అంటారు. ఎక్కడ పాతితే అక్కడే ఉంటావని."

మిషను ఆగింది. దర్జీ టేపు మెడలో వేసుకుని అక్క గుమ్మంలోకి వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు ఆ పోట్లు తీసేటప్పుడు కింద ఎవరుంటారు?"

"ఎవరుంటారేంటక్కా? నేనే. మొదటి పోటు ఎప్పుడూ నేనే తీస్తాను. నేను తీశాకే మావాళ్లు ముట్టుకుంటారు."

"మరి నువ్వెందుకురా అరుస్తున్నావు? తీయమని కింద నిలబడనివాళ్లు అరవాలి గాని."

అతను గొంతు తగ్గించి బావ వైపు తిరిగాడు. "కూలుతుందా చెప్పు. కూలుతుందంటే తీయను."

"తెలీదు."

"తెలీదా?"

"ఆ పక్కనున్న రెండు గొట్టాలూ మోస్తే మోయొచ్చు. కాస్త కుంగి, పగుళ్లిచ్చి ఊరుకోవచ్చు. స్తంభం నెత్తి దగ్గర చీలితే మాత్రం అరవడానికి కూడా టైముండదు. ఏది జరుగుతుందో నాకు తెలీదు. రిజిస్టరు రాసినాయనకి కూడా తెలీదు. ఆయన తెలిసినట్టు రాశాడు, అదే తేడా."

"తెలీనిదానికి పని ఆపుతావా?"

"తెలీదు కాబట్టే ఆపుతున్నాను."

బావమరిది చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఒక చెప్పు వెతుక్కోవడానికి కొంచెంసేపు పట్టింది గాని, వెళ్లాడు. అక్క గుమ్మంలోనే నిలబడి భర్త వంక చూసింది.

"నాకు ఒక్కడే తమ్ముడు" అంది.

"తెలుసు."

"వాడు వినడు."

"వినక్కర్లేదు. చూస్తే చాలు" అన్నాడు. జేబులోంచి స్కేలు తీసి బల్ల మీద పెట్టి, గూట్లోంచి చిన్న సుత్తీ ఉలీ తీసి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి మిల్లీమీటరు స్లాబు మీద ఉన్నాడు. జాకీ చివర నుంచి టేపు పరిచి ఇరవై మీటర్లు కొలిచాడు. టేపు చివర సరిగ్గా ఆ వరసలో ఒక స్తంభం మీదికి వచ్చింది. స్తంభం నెత్తిన గొట్టాలు స్లాబు పైముఖానికి దగ్గరగా, రెండు వేళ్ల లోతులోనే ఉంటాయి. కాంక్రీటు పోసేముందు రోజు ఈ చోటు తను చూశాడు. అప్పుడు శుభ్రంగా ఉంది. ఇప్పుడు అక్కడ గొట్టాలకి అడ్డంగా ఒక కరెంటు పైపు మూతి స్లాబులోంచి బయటికి చూస్తోంది. అతను చూసి వెళ్లాక ఎవరో పైపు దారి మార్చారు.

ఉలి పెట్టి నిదానంగా కొట్టడం మొదలుపెట్టాడు. బిగించిన కేబులు పక్కన సుత్తి ఆడించడం అందరి పనీ కాదు. నాలుగు దెబ్బలు కొట్టి, ఊది, చేత్తో తడిమి, మళ్లీ నాలుగు. కరెంటు మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటన్నా, నా పైపు పగలగొడతావా? ఎంత కష్టపడి దూర్చానో తెలుసా?"

"ఎలా దూర్చావు?"

"కింద అంతా కడ్డీలే. పై నుంచి పోదామంటే స్లాబు దాటి బయటికి వచ్చేస్తోంది. ఇంక ఏం చేయను? ఈ రేకు గొట్టాలు అడ్డమున్నాయి. మూడింటి వీపు కాస్త కోసి, పైపుని ఆ గాట్లో కూర్చోబెట్టాను. అట్లాగే వదిలేస్తానా? గట్టిగా టేపు చుట్టాను."

పెచ్చు లేచింది. గొట్టం వీపు మీద నల్ల ఇన్సులేషను టేపు, అయిదారు చుట్లు, చక్కగా చుట్టి ఉంది. తీగ తెగితే చుట్టే టేపు. టన్నులకొద్దీ తడి కాంక్రీటు మీద పడే చోట, చేతి వెడల్పు గాటుకి, కరెంటు మేస్త్రి తనకి తెలిసిన మందు వేశాడు. టేపు పక్కకి జరిగి ముడుచుకుపోయింది. దాని కింద గొట్టం నిండా బూడిదరంగు సిమెంటు రాయిలా పట్టుకుని ఉంది.

మిల్లీమీటరు ఆ టేపు కొస రెండు వేళ్లతో లాగి పక్కన పడేశాడు. చచ్చిన ఎలకని తోక పట్టుకుని పారేసినట్టు పారేశాడు.

"షాకు కొట్టదులే దానికి" అన్నాడు. కరెంటు మేస్త్రికి అర్థం కాలేదు.

గాటుకి ఇటుపక్క, జాకీ వైపు, ఒక జానెడు దూరంలో రేకు చీల్చి ఒక కేబులు కనపడేలా చేశాడు. అటుపక్క ఇంకో జానెడు దూరంలో అదే కేబుల్ని మళ్లీ బయటపెట్టాడు. అప్పటికి తొమ్మిదిన్నర. కింద బావమరిది మనుషులు పోట్ల మధ్య తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో సుత్తితో ఇనుము మీద తట్టారు.

"ఏరా, పైకి రా!" అని స్లాబులో మెట్లకి వదిలిన కన్నంలోంచి అరిచాడు.

"పనుంది బావా!"

"మొదటి పోటు ముట్టుకునే ముందు రా. రాకపోతే మీ అక్కకి ఫోను చేస్తాను."

ఆ బెదిరింపు పనిచేసింది. బావమరిది రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. స్లాబు మీద గుంటలు చూసి తల పట్టుకున్నాడు. "పగలగొట్టేశావా? ఇంజనీరు చూస్తే నిన్నూ నన్నూ కలిపి గేటు బయట పడేస్తాడు."

"నా మాట నమ్మకు. నీ నడుముకున్న స్క్రూడ్రైవరు తీయి. నాకివ్వక్కర్లేదు, నువ్వే పట్టుకో. ఈ కేబులు చూడు, ఏడు తీగలు పేనారు. ఇటువైపు తీగల మధ్య దాని మొన దూర్చు."

బావమరిది విసుక్కుంటూ గొంతుక్కూర్చున్నాడు. జాకీ వైపు కేబులు మీద మొన పెట్టి నొక్కాడు. జారింది. మళ్లీ పెట్టి ఒంటి బరువంతా వేశాడు. తీగకీ తీగకీ మధ్య గోరు కూడా పట్టదు. రాయిలా ఉంది.

"ఇప్పుడు అటువైపు. అదే కేబులు."

మొన పెట్టాడు. నొక్కక ముందే తీగలు విడిపోయి స్క్రూడ్రైవరు లోపలికి దిగింది. మెలిపెడితే తీగలు పక్కకి తెరుచుకున్నాయి. చేత్తో ఊపితే కేబులు గొట్టంలో కదిలింది. బావమరిది మొన బయటికి తీసి ఒకసారి చూసుకున్నాడు. మళ్లీ ఇటు పెట్టాడు, దిగలేదు. అటు పెట్టాడు, దిగింది. మూడోసారి కూడా చేశాడు. రెండూ ఒకే కేబులు. మధ్యలో జానెడు సిమెంటు.

"నేను నిలబడేది ఎటువైపు?" అన్నాడు చివరికి.

మిల్లీమీటరు అటువైపు చూపించాడు. మొదటి పోటు తీసే చోటు సరిగ్గా ఆ వదులు పది మీటర్ల కిందే ఉంది.

అదే సమయానికి స్లాబు అంచు నుంచి గ్రైండరు చప్పుడు వచ్చింది. కేబులు తోకలు కోస్తున్నారు. తోక ఉన్నంతవరకే జాకీ దాన్ని పట్టుకుని మళ్లీ లాగగలదు. తోక పోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, తప్పు లోపలే సమాధి అవుతుంది. ఇంజనీరుకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే పనులన్నిట్లోకీ ముందు అది పెట్టించాడు.

మిల్లీమీటరు లేచేలోగా బావమరిది లేచాడు. గ్రైండరు దగ్గరికి వెళ్లలేదు. మెట్ల పక్కనున్న కరెంటు బోర్డు దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకి, వైరు చివర చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. గ్రైండరు మూలిగి ఆగింది. అప్పటికి ఒక తోక తెగింది. పదకొండు మిగిలాయి.

ఇంజనీరు వచ్చాడు. "ఎవరు పీకారు ప్లగ్గు?"

"నేనే సార్."

"ఏంటి, బావా బావమరుదులు ఒకటయ్యారా? పోట్లు ఎందుకు తీయలేదు? పది దాటింది."

"తీయను సార్. వచ్చి ఈ స్క్రూడ్రైవరు దూర్చి చూడండి, తర్వాత మాట్లాడదాం."

"నాకు అవసరం లేదు. గేజీలో వచ్చింది. నువ్వు తీయకపోతే వేరేవాళ్లని పిలిచి తీయిస్తాను."

"పోట్లు నావి. ఎవరొచ్చి ముట్టుకుంటారో చూస్తాను. మీరు ఇటొచ్చి ఆ పది మీటర్ల కింద ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. మీరు కూర్చుంటే నేనే తీస్తాను, నా చేత్తో."

ఇంజనీరు బూట్ల వైపు చూసుకున్నాడు. ఫోను తీసుకుని మెట్ల వైపు వెళ్లాడు.

పని పదహారు రోజులు ఆగింది. బావమరిది అవతలి సైటువాళ్ల చేత నోటికొచ్చినట్టు తిట్టించుకున్నాడు. డిజైను చేసినాయన వచ్చి చూసి, పగలగొట్టి బాగుచేయమన్నాడు. పదకొండు కేబుళ్ల బిగువు సడలించి, గాట్ల దగ్గర సిమెంటంతా తవ్వి తీసి, గొట్టాలకి కొత్త రేకు తొడిగి మళ్లీ లాగారు. నూట తొంభై తొమ్మిది, రెండు వందల ఒకటి, రెండు వందల నాలుగు. తోక తెగినదాన్ని సడలించడానికి కూడా లేదు. దాని చుట్టూ సిమెంటు పెచ్చు ఊడే ముందు అందరినీ దూరంగా పంపించారు. ఊడగానే లోపల ఏదో కొరడా దెబ్బలా చప్పుడైంది. ఇరవై మీటర్లలో ఉన్న బిగువు ముప్పై మీటర్లకి పంచుకుంది. ఆ ఒక్క కేబులు ఇవాళ్టికీ మూడింట రెండు వంతుల పనే చేస్తోంది. ఒక్కటే కాబట్టి పరవాలేదని డిజైనరు రాసిచ్చాడు.

ఆ తర్వాత పోట్లు తీశారు. మొదటిది బావమరిదే తీశాడు. స్లాబు రెండు మిల్లీమీటర్లు దిగి ఆగింది. స్కేలు పెట్టి చూసింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇంజనీరుకి ఏమీ కాలేదు. కొత్త కొలతలు రాయడానికి మిల్లీమీటరు రిజిస్టరు అడిగితే, పేజీలకి నంబర్లుంటాయి, కొట్టివేతలు ఉండకూడదు అన్నాడు. ఆ పేజీలో పాత తేదీన, ముచ్చటైన దస్తూరిలో, రెండు వందల మూళ్లు అలాగే ఉన్నాయి. కింద ఇంజనీరు సంతకం. పుస్తకం ప్రకారం ఆ కేబుళ్లు మొదటిరోజే సాగాయి, ఎవరూ స్లాబుని తవ్వలేదు, నల్ల టేపు అనేది ఎప్పుడూ లేదు. పదహారు రోజుల ఆలస్యానికి కారణం వాన అని ఇంకో కాగితంలో ఉంది. ఆ పదహారు రోజుల్లో చినుకు పడలేదు.

"ఏమండీ, కనీసం మీరు చెప్పింది నిజమని ఎక్కడైనా రాశారా?" అని ఇంట్లో భార్య అడిగింది.

"లేదు."

"మరి?"

"మీ తమ్ముడు భోజనానికి వస్తున్నాడు కదా. ఆ చెప్పులు దారికి అడ్డం లేకుండా తీసి పెట్టు" అన్నాడు.

నెల తర్వాత పైఅంతస్తుకి గొట్టాలు పరిచారు. మిల్లీమీటరు అంచున పలక మీద గొంతుక్కూర్చుని యాంకరు గుంటలు చూసుకుంటున్నాడు. స్లాబు నడిమధ్యన కరెంటు మేస్త్రి బూట్లతో రేకు గొట్టం మీద ఒక కాలు వేసి నిలబడ్డాడు. ఒక చేతిలో రంపపు బ్లేడు, రెండో చేతిలో నల్ల టేపు చుట్ట. కింద కడ్డీల మధ్య సందు కోసం చూస్తున్నాడు.

మిల్లీమీటరు నోరు తెరవబోయాడు. అవసరం రాలేదు.

"ఏయ్! ఆ టేపు జేబులో పెట్టు!" బావమరిది మెట్ల దగ్గర నుంచే అరిచాడు. ఇదివరకు కాంక్రీటు పోసేదాకా పైకి తొంగి చూసేవాడు కాదు. "గొట్టం మీద కాలు తీయి ముందు. దానికి గాటు పెట్టావంటే కింద పోట్లన్నీ విప్పుకుని పోతాను."

"నీ పోట్లకీ నా పైపుకీ ఏంటన్నా సంబంధం?"

"దాని కింద నుంచునేది నేను. అదే సంబంధం. పైపు అటు తిప్పుకో, స్తంభానికి అవతల నుంచి."

కరెంటు మేస్త్రి గొణుక్కుంటూ కాలు తీశాడు. రేకు చిన్న చప్పుడుతో పైకి లేచింది. బావమరిది వచ్చి, అది నొక్కుకుపోయిందేమోనని చేత్తో తడిమి, ఇటు తిరిగాడు.

"బావా, ఇది ఎంత సాగాలి?"

"రెండు వందల మూడు."

"లాగేటప్పుడు పిలువు. నేనూ చూస్తాను."

మిల్లీమీటరు తలూపి తన గుంటలోకి చెయ్యి పెట్టాడు. ముందు టీ కప్పు వచ్చింది. దాని కింద తడిగా, జిగటగా ఏదో వేలికి తగిలింది.

"ఛీ" అని గుడ్డ తీసుకున్నాడు.